ఈశాన్యంలో బోరు సరే, నీళ్ళ మాటేమిటి?

ఫ్లాట్ కొనేటప్పుడు మనవాళ్ళు అడగని ప్రశ్న ఉండదు. తూర్పు ముఖమా? లిఫ్టులెన్ని? బడి ఎంత దూరం? బోరు ఈశాన్యంలోనే ఉందా? ఆ బోరులో పడ్డవి ఎలాంటి నీళ్ళని మాత్రం అడగరు. గృహప్రవేశమైన కొద్ది నెలలకే జవాబు దానంతటదే వస్తుంది. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది, షవర్ రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. హైదరాబాద్ శివార్లలో బోర్ల మీద బతికే చాలా కాలనీల్లో ఇదే వరస.

ఈ నగరం కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాయి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో, ఆ లవణాల వల్ల వచ్చే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. ఆ 600 అంటే ఎంతో చూడండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. అంటే రోజుకు 300 గ్రాములకు పైగా, నెలకు దాదాపు 10 కిలోల సున్నపు సరుకు ఆ ఇంటి పైపుల గుండా పోతున్నట్టు.

అందులో కొంత ఇంట్లోనే ఉండిపోతుంది. మెకానిక్ గీజర్ విప్పి కాయిల్ బయటికి లాగితే చుట్టూ గట్టి తెల్లటి పెంకు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే పెళ్ళలుగా రాలుతుంది, నిమ్మరసం పిండితే బుసబుసా పొంగుతుంది. ఆ పెంకు అడ్డుపడి వేడిమి నీటిలోకి పోక కాయిల్ మాడిపోతుంది. వంటింట్లో కందిపప్పు ఎన్ని విజిళ్ళు వచ్చినా పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి బకెట్టుకు అంటుకుంటుంది. తలంటుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది. స్టీలు గ్లాసులు ఎంత తోమినా ఆరాక మచ్చలే. ఈ అదనపు చాకిరీ ఇంటి ఆడవాళ్ళ మీద, ఇంటి పనికి వచ్చే ఆమె మీద పడుతోంది. పైగా ‘సరిగా తోమలేదు’ అన్న మాట కూడా ఆమెకే. తప్పు ఆమె చేతిది కాదు, నీటిది.

ఇంకో వైపు భయం అమ్ముకునేవాళ్ళు బయల్దేరారు. రెండు ఇనుప కడ్డీలు గ్లాసులో ముంచి కరెంటు పెట్టి, నీళ్ళు గోధుమరంగుకు తిరగగానే ‘చూశారా, మీరు తాగేది ఇదే’ అంటారు. ఆ రంగు కడ్డీల ఇనుముది, నీటిలోని మురికిది కాదు. వాళ్ళు చూపించే పెన్నులాంటి టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాల) మీటరు కాఠిన్యాన్ని విడిగా చెప్పనే చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. నిజంగా చూసుకోవలసినవి ఫ్లోరైడ్, నైట్రేట్. వాటిని కూడా, కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ తీసేస్తుందనుకోవడం పొరపాటు.

భయంతోనో విసుగుతోనో ఇంటింటికీ ఓ యంత్రం కొంటున్నాం. ఆర్‌ఓ యంత్రం తాగే నీళ్ళు కొంచెం ఇచ్చి, అంతకన్నా ఎక్కువ నీటిని తూముపాలు చేస్తుంది. సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. కిలో కాఠిన్యం పట్టాలంటే కిలోకు మించిన ఉప్పు కావాలి. బస్తాలకు బస్తాలు కరిగించి కడిగిన ఆ ఉప్పునీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి, కొంత మళ్ళీ అదే నేలలోకి. మన గీజర్ బాగుపడుతుంది, పక్క కాలనీ బోరు పాడవుతుంది. దీన్ని పరిష్కారమని నేను ఒప్పుకోలేను.

నీళ్ళు అందరివీ అయినప్పుడు మందు కూడా అందరూ కలిసి వెయ్యాలి. మొదట, బిల్డర్ అమ్మకపు కాగితాలతో పాటు గుర్తింపు పొందిన ల్యాబు నీటి రిపోర్టు ఇవ్వాలి. ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చెయ్యాలి. గోడ పగిలితే అడిగే హక్కున్న కొనుగోలుదారుకు నీళ్ళ గుణం తెలుసుకునే హక్కెందుకు ఉండదు? రెండోది, అసోసియేషన్లు ఏటా ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించి ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూడోది వాన. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 500 చదరపు మీటర్ల డాబా మీద అది 4 లక్షల లీటర్లు. వాన నీటిలో కాఠిన్యం దాదాపు సున్నా. మొదటి జల్లు వదిలేసి మిగతాది వడగట్టి సంపులో పట్టుకుంటే బట్టలకూ స్నానాలకూ బోరు వాడకం తగ్గుతుంది, పొంగిపోయేది ఇంకుడు గుంతకు చేరుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే వాన నీటిని ఇంకించడం గురించి చెప్పే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చినా ఎన్నో గుంతలు కాగితాల మీదే ఉన్నాయి, తవ్వినవీ పూడిక తీయక మూసుకుపోయాయి.

ఇంకుడు గుంత ఒక్క వానాకాలంలో బోరును మార్చేయదు. అందుకే కృష్ణా, గోదావరి నీళ్ళు శివారు కాలనీలకు చాలినన్ని, వేళకు రావాలని గట్టిగా అడగాలి. ఇళ్ళకు అనుమతులిచ్చి పన్ను వసూలు చేసే యంత్రాంగానికి ఆ బాధ్యత ఉంది. ఈ నెల అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవకన్నా ముందు నీటి పరీక్ష సంగతి ఎత్తండి. రిపోర్టు చేతిలో ఉంటేనే బిల్డర్నీ, నగరానికి నీళ్ళిచ్చే జలమండలినీ నిలదీయగలం. అంకె తెలియనంత కాలం అమ్మేవాడు చెప్పిందే వినాలి.