తీర్మానం: ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పాలన, జవాబుదారీతనం

ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయాల పాలనపై సమావేశమైన అధ్యాపకులు, విద్యార్థులు, బోధనేతర సిబ్బంది, పూర్వ విద్యార్థుల ఈ సభ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

తెలంగాణలో 2019లో ఖాళీ అయిన ఉపకులపతుల కుర్చీలు 2021 మేలో గానీ నిండలేదు. అప్పుడు వచ్చిన పదిమంది పదవీకాలం 2024 మేలో ముగుస్తుందని నియామకం జరిగిన రోజునే అందరికీ తెలుసు. అయినా గడువు దాటేసరికి కొత్తవారు లేరు. ఐఏఎస్ అధికారులకు అదనపు బాధ్యతలు అప్పగించారు. కొత్త ఉపకులపతులు రావడానికి అక్టోబరు అయింది. సచివాలయంలో తమ శాఖ పని ముగించుకుని వర్సిటీ ఫైళ్లు చూసే ఇన్‌ఛార్జి వీసీని ఫలితాల ఆలస్యం గురించి ఎవరడుగుతారు? అడిగినా, అది తమ హయాం వ్యవహారం కాదంటారు. దీన్ని మామూలు జాప్యంగా ఈ సభ చూడడం లేదు. జవాబు చెప్పే మనిషి లేకుండా చేయడం కూడా ఒక పాలనా పద్ధతిగా మారిందని భావిస్తోంది.

1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవినే వదులుకున్నారు. నేడు ఆ పదవి కోసం నేతల ఇళ్ల చుట్టూ తిరగాల్సి రావడం రెండు తెలుగు రాష్ట్రాలకూ గౌరవం కాదు.

కాబట్టి, పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే అన్వేషణ కమిటీ ఏర్పడాలనీ, అది సూచించిన పేర్లనూ వారి అర్హతలనూ బహిరంగపరచాలనీ ఈ సభ తీర్మానిస్తోంది. ఒక్క పేరే పంపిన కారణంగా కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయ ఉపకులపతి నియామకాన్ని 2022లో సుప్రీంకోర్టు కొట్టివేసిన సంగతిని ప్రభుత్వాలకు గుర్తుచేస్తోంది. గడువులోగా నియామకం జరగకపోతే బాధ్యతలు ఆ వర్సిటీ సీనియర్ ప్రొఫెసర్‌కే దక్కాలి, అధికారికి కాదు.

1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద పాలకమండళ్లు ప్రభుత్వం నామినేట్ చేసినవారితోనూ అధికారులతోనూ నిండుతున్నాయి. అధ్యాపకులు, విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులకు వాటిలో చోటివ్వాలి. మండలి నిర్ణయాలు, ఆడిట్ అభ్యంతరాలు, సెల్ఫ్‌ఫైనాన్స్ కోర్సుల ఫీజు రాబడి, దాని ఖర్చు పదిహేను రోజుల్లో వెబ్‌సైట్‌లో కనిపించాలి. ఇది కొత్త కోరికేమీ కాదు. ఎవరూ అడగకుండానే సమాచారం వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం ఎప్పుడో చెప్పింది.

తెలంగాణలో 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి 2017లో అనుమతి వచ్చింది. అవి భర్తీ కాకముందే, 2022లో శాసనసభ ఆమోదించిన విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లును గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఈ లోగా తరగతులు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల భుజాలమీదే నడిచాయి. ఖాళీలను ఏటా ప్రకటించి ఏటా భర్తీ చేయాలి.

జవాబుదారీతనం పైవాళ్లకే కాదు, ఈ సభలో కూర్చున్న అధ్యాపకులకూ వర్తిస్తుంది. తరగతికి హాజరు, జవాబు పత్రాల మూల్యాంకనం, పరిశోధన పర్యవేక్షణ వివరాలు ఏటా బయటపెట్టడానికి మేం సిద్ధం. పరిశోధక విద్యార్థుల ఫిర్యాదులను విచారించే కమిటీలో మాత్రం వారి గైడ్లు ఉండకూడదు.

ఈ తీర్మానం ప్రతులను ఇరు రాష్ట్రాల గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, ఉన్నత విద్యామండళ్లకు పంపాలని సభ నిర్ణయించింది. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే చట్ట సవరణ బిల్లు ప్రవేశపెట్టాలనీ, దాని ముసాయిదాను ముందుగా క్యాంపస్‌లలో చర్చకు పెట్టాలనీ రెండు ప్రభుత్వాలనూ కోరుతోంది.