మాదకద్రవ్య చట్టమున మరుగుపడిన సగము

‘ఆపరేషన్ గరుడ’ పేర 2025 మార్చిలో మందుల దుకాణములపై జరిగిన సోదాలను గూర్చి పత్రికలు వ్రాసిన వ్రాతలను చదివినవారికి, నియంత్రిత ఔషధముల పాలన యనగా షట్టరు దింపించి పంచనామా వ్రాయుట తప్ప మరేమియు కాదని తోచును. వైద్యుని చీటీ లేక ట్రమడాల్, ఆల్ప్రజోలం మాత్రలను విక్రయించువానిని శిక్షింపవలసినదే. అందు వివాదము లేదు. కాని దుకాణపు లైసెన్సు 1940 నాటి ఔషధ చట్టమునకును, ప్రైవేటు నర్సింగుహోముల నమోదు 2002 నాటి రాష్ట్ర చట్టమునకును, మాదకద్రవ్యముల నిల్వ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమునకును లోబడియుండగా, ఈ మూటిని కలిపి ఒక్క పోలీసుకథగా చెప్పుటచే, మూడవ చట్టము యొక్క హృదయమే పాఠకునికి కానరాకుండ పోయినది.

ఆ హృదయము 8వ సెక్షనులో కలదు. మాదకద్రవ్యముల తయారీని, నిల్వను, రవాణాను, విక్రయమును నిషేధించిన ఆ సెక్షనే, వైద్య, శాస్త్ర ప్రయోజనములకై నియమానుసారముగా జరుగు వాడుకను నిషేధమునుండి తప్పించినది. దీనిని పాలకులు దయతలచి యిచ్చిన సడలింపుగా చదువువారు కలరు. నేను మాత్రము దీనిని రోగి పట్ల ప్రభుత్వము తలకెత్తుకొన్న బాధ్యతగానే చదువుదును.

అయినను, 1930 నాటి ప్రమాదకర ఔషధముల చట్టము స్థానమున వచ్చిన ఈ శాసనము, అక్రమ నిల్వకు తొలుత కనీసము 10 ఏండ్ల కఠినశిక్ష విధించి, వైద్యావసరములకు నియమములు వ్రాయు పనిని 10వ సెక్షను క్రింద రాష్ట్రముల కప్పగింపగా, దగ్గర నుంచుకొనుటకొకటి, తెప్పించుటకొకటి, తరలించుటకొకటి చొప్పున పర్మిట్లు పుట్టుకొని వచ్చినవి. ఒకటి చేతికందునప్పటికి మరొకదాని గడువు తీరిపోయెడిది. ఘాజీపూర్, నీమచ్‌ల ప్రభుత్వ కర్మాగారములలో నల్లమందును శుద్ధిచేసి విదేశములకు సైతము పంపుచుండిన ఈ దేశమున, ఏటా వందల కిలోలుగా నుండిన మార్ఫిన్ వినియోగము 1997 నాటికి 18 కిలోలకు దిగజారినది.

2014 సవరణ ఆ చిక్కుముడిని విప్పెను. మార్ఫిన్, ఫెంటానిల్ మొదలగు ఔషధములను ఆవశ్యకములుగా గుర్తించి, వాటిపై నియమములు వ్రాయు నధికారమును కేంద్రము తన చేతికి తీసికొనెను. 2015 మే నాటి నియమముల ప్రకారము, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు పొందిన ఆసుపత్రికి వేరుగ ఎక్సైజు పర్మిట్లతో పనిలేదు. లెక్క సరిగా నుంచిన చాలును.

చట్టము మారినను భయము మారలేదు. మడకశిర వైపు పల్లెలో, వానలు లేక వేరుసెనగ యెండిపోయి అప్పులపాలైన యింట, రాచపుండుతో మంచమెక్కిన మనిషికి బెంగళూరు కిద్వాయి ఆసుపత్రిలో మార్ఫిన్ వ్రాసియిచ్చిరనుకొందము. 10 మిల్లీగ్రాముల మాత్రను సాధారణముగా 4 గంటల కొకటి చొప్పున వేయవలెను; అనగా దినమునకు 6, నెలకు 180. ఒక్క రోగికి ఇన్ని మాత్రల నిల్వ యన్నంతనే ఊరి దుకాణదారు గుండెలో రాయిపడును. సోదాల వార్త ప్రతి పర్యాయము ఆ రాతిని మరింత బరువు చేయును. మందు తీరినప్పుడెల్ల రోగి బంధువు కూలి మానుకొని బస్సెక్కవలసినదే.

కావున, తనిఖీకి వచ్చు అధికారి అక్రమముగా అమ్ముడైన మాత్రలతోపాటు, అందవలసియుండియు అందని మాత్రలను గూర్చియు లెక్క అడుగవలెను. అనంతపురము సర్వజనాసుపత్రి మొదలుకొని హిందూపురము, గుంతకల్లు, కదిరి ఆసుపత్రుల వరకు ప్రతి ప్రభుత్వ వైద్యాలయమును గుర్తింపు పొందవలెను; గుర్తింపు పొందినవాని పట్టికను ఆయా జిల్లాల వైద్యశాఖలు ప్రజలకు ప్రకటింపవలెను; నొప్పిని తగ్గించు వైద్యమున డాక్టర్లకు శిక్షణ నీయవలెను. విచ్చలవిడితనము పెరుగునని శంకించువారికి నా సమాధాన మొక్కటే: రిజిస్టరులో ప్రతి మాత్రకును లెక్క యున్నచోట దొంగవ్యాపారమునకు తావు తగ్గును. నేరమును పట్టుకొనుటకు చూపిన చురుకుదనమును బాధను తీర్చుటకును చూపనంతకాలము, ప్రభుత్వము ఈ చట్టమును సగమే అమలు చేసినట్లు.