సలహా ఇచ్చేవాడికి అధికారం ఏదీ?

విదేశాల్లో చమురు ఉద్యోగం అనగానే మనవాళ్ళకు ముందు జీతం కనిపిస్తుంది. అల్జీరియా, నైజీరియా వంటి చోట్ల ఆ బావుల దగ్గర మనుషుల్ని కాపాడడమే వృత్తిగా బతికే భద్రతా సలహాదారులు ఉన్నారని ఎందరికి తెలుసు? వీరిలో చాలామంది సైన్యంలోనో, పోలీసులోనో పనిచేసి వచ్చినవారే. బస్సు ఏ దారిన, ఏ వేళకు వెళ్ళాలి, ఎప్పుడు పని ఆపి జనాన్ని తరలించాలి అన్నది తేల్చడమే వీరి పని. ఏమీ జరగకపోతే “ఈయన జీతం దండగ” అంటారు, జరిగితే “ఏం చేస్తున్నాడయ్యా?” అంటారు!

2013 జనవరి 16 తెల్లవారుజామున అల్జీరియా ఎడారిలోని ఇన్ అమెనాస్ గ్యాస్ కేంద్రం మీద సాయుధులు పడ్డారు. మొదట విమానాశ్రయానికి బయల్దేరిన బస్సు మీద, ఆ తర్వాత నివాసాల మీద, ప్లాంటు మీద. నాలుగు రోజుల్లో 40 మంది అమాయకులు బలయ్యారు. వారిలో భద్రత చూసే బ్రిటిష్ ఉద్యోగి ఉన్నాడు. ప్రమాద సంకేతం మోగించిన అల్జీరియా కాపలాదారూ ఉన్నాడు.

అక్కడ భాగస్వామి అయిన నార్వే కంపెనీ స్టాటాయిల్ అదే ఏడాది సెప్టెంబరులో విచారణ నివేదిక వెలువరించింది. బయటి కాపలాకు అల్జీరియా సైన్యాన్ని అతిగా నమ్ముకున్నారనీ, లోపలి ఏర్పాట్లు అంత పెద్ద దాడిని తట్టుకునేలా లేవనీ అందులోని సారాంశం. సైన్యం ఉందిలే అన్న ధీమా!

మేం రైతులం. చేనుకి కంచె వేసినా రాత్రిపూట మంచె మీద మనిషి ఉండాల్సిందే. పందులు దిగితే పక్క చేలవాళ్ళు కేక వెయ్యాలి. వాళ్ళతో గట్టు తగాదా ఉంటే ఎవడు కేకేస్తాడు? నైజీరియాలోని ఓగోనీ ప్రాంతంలో జరిగిందదే. చమురు తమ పొలాల్నీ నీళ్ళనీ పాడుచేస్తోందని అక్కడి జనం ఎదురుతిరగగా, 1993లో షెల్ కంపెనీ ఆ బావులు వదిలి వెళ్ళింది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. కాపలా పేరిట మానవహక్కులు కాలరాయకూడదని 2000లో అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు, కంపెనీలు, హక్కుల సంఘాలు కలిసి సూత్రాలు రాసుకున్నాయి. స్వచ్ఛంద సూత్రాలట! ఆ “స్వచ్ఛంద” దగ్గరే నాకు అనుమానం.

సలహాదారు “ఆపండి” అంటే ప్లాంటు ఆగాలి. ఉత్పత్తి లెక్కలు చూసే మేనేజరు కాదనడానికి వీల్లేకూడదు. రేపు మన కళాశాల నుంచి ఎవరైనా అలాంటి చోటికి వెళ్తుంటే జీతంతోపాటు ఇవి కూడా అడగాలి: ఆపే అధికారం ఎవరిది? తరలించే రోజున కాంట్రాక్టు కూలీకీ, గేటు దగ్గరి కాపలాదారుకీ బస్సులో చోటుందా?