స్టార్‌డ్యూ వ్యాలీ చర్లలో సిగ్నల్ లేకున్నా నడుస్తుంది, తెలుగు లేకే ఆగుతుంది

స్టార్‌డ్యూ వ్యాలీ కొత్త గేమ్ ఏం కాదు. 2016 ఫిబ్రవరిలో పీసీకి, 2019 మార్చిలో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని కోడ్, బొమ్మలు, మ్యూజిక్, డైలాగులు అన్నీ తనే చేశాడు. అమ్మకాలు 4 కోట్ల కాపీలు దాటాయి. మరి ఇప్పుడెందుకు దీని గురించి అంటే, 2024 నవంబర్‌లో 1.6 అప్‌డేట్ ఫోన్లకి కూడా వచ్చాక దీన్ని కొత్త సేవ్‌తో మొదటి నుంచి ఆడాను. అది కూడా చర్లలో కూర్చుని. ఈ గేమ్‌లో ఏది బలం, ఏది లోపం అన్న లెక్క ఇక్కడ వేరేగా వస్తుంది. అందుకే ఈ ఆర్టికల్.

చర్ల తెలియని వాళ్ళకి: భద్రాచలం నుంచి గోదావరి వెంబడి పైకి సుమారు 60 కిలోమీటర్లు. అవతల ఛత్తీస్‌గఢ్ అడవి. వరి, మిర్చి మా పంటలు. వేసవి వస్తే అడవిలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. ఊళ్లో నెట్ బాగానే వస్తుంది కానీ లోపలి గూడేల వైపు బండి తిప్పితే ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఇలాంటి చోట ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండమనే గేమ్‌లు, వారానికోసారి జీబీల్లో అప్‌డేట్ అడిగే గేమ్‌లు ఎంత గొప్పవైనా సగం రోజులు లోడింగ్ స్క్రీనే చూపిస్తాయి.

ముందు మంచి సంగతులు. ఒకసారి డౌన్‌లోడ్ అయ్యి ఒకసారి ఓపెన్ చేశామంటే ఇక ఈ గేమ్‌కి నెట్ అక్కర్లేదు. యాడ్స్ లేవు. ఇన్‌యాప్ పర్చేజులు లేవు. "ఈ స్కిన్ ఇవాళ్టికే, రేపు ఉండదు" అని బెదిరించే పాప్‌అప్ ఒక్కటీ లేదు. అమెరికాలో దీని ధర 4.99 డాలర్లు, అంటే ఫ్రీ గేమ్‌లో ఒక మాదిరి డైమండ్ ప్యాక్ కొన్నంత. ఆ తర్వాత వచ్చిన పెద్ద అప్‌డేట్లన్నీ ఫ్రీగానే ఇచ్చాడు బరోన్. పాత ఫోన్లో కూడా నడుస్తుంది, ఎందుకంటే అన్నీ చిన్న పిక్సెల్ బొమ్మలే. గేమ్‌లో ఒక రోజు అంటే మనకి 14 నిమిషాలు చిల్లర. ఫోన్ వెర్షన్‌లో మధ్యలో బయటికి వచ్చేసినా అక్కడి నుంచే మొదలవుతుంది. పీసీలో అయితే పడుకుంటే తప్ప సేవ్ కాదు. బస్టాండ్‌లో ఆడేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

కథ సింపుల్. తాత వదిలేసిన పొలానికి సిటీ ఉద్యోగం మానేసి వస్తావు. చేతిలో 500 బంగారు నాణేలు, మేయర్ ఇచ్చిన 15 పార్స్‌నిప్ విత్తనాలు (మన క్యారెట్‌కి తెల్ల చుట్టం అనుకోండి). పొలం, గనులు, అడవిలో ఏరుకోవడం, చేపలు, పోరాటం అని అయిదు స్కిల్స్. ఒక్కొక్కటీ పదో లెవెల్ దాకా పెరుగుతుంది, అయిదో లెవెల్లో, పదో లెవెల్లో నీ దారి నువ్వే ఎంచుకోవాలి. రోల్ ప్లేయింగ్ గేమ్ అనడానికి అవే లెక్కలు. రాక్షసులూ ఉన్నారు, కానీ గనిలో పడిపోతే ఆస్పత్రిలో లేస్తావు, కొంత డబ్బు, కొన్ని సామాన్లు పోతాయి, అంతే. గేమ్ ఓవర్ అనే మాటే లేదు.

ఇక్కడ చాలామంది రివ్యూల్లో తప్పు పట్టే పాయింట్ ఒకటుంది: ఇందులో వ్యవసాయం నిజం వ్యవసాయంలా లేదు అని. నిజమే, అస్సలు లేదు. మా వైపు వాడిగా ఆ తేడా నాకు బాగా కనిపిస్తుంది. గేమ్‌లో మిర్చి విత్తనం 40 నాణేలు. అయిదు రోజుల్లో కాపు, ఆ తర్వాత మూడు రోజులకోసారి కోతే. ఒక్కో మిరపకాయ 40 నాణేలు. అయిదు కాయలు అమ్మినా అదే రేటు, అయిదు వందలు అమ్మినా అదే రేటు. సాయంత్రం పెట్టెలో పడేస్తే పొద్దున్నకి డబ్బు. కమీషన్ లేదు, తేమ శాతం లేదు, తాలు కాయలని పక్కన పెట్టేవాడు లేడు. ఖమ్మం మార్కెట్ యార్డుకి సరుకు ఎక్కువగా వచ్చిన రోజు రేటు ఏమవుతుందో తెలిసిన మా బాబాయికి ఈ పెట్టె గురించి చెబితే "ఆ పెట్టె ఎక్కడ దొరుకుద్దిరా" అన్నాడు. 2021 చివర్లో తామర పురుగు మిర్చి తోటల్ని ఏం చేసిందో గేమ్‌కి తెలియదు. వాన పడితే ఆ రోజు నీళ్ళు పొయ్యక్కర్లేదు, అదొక సెలవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వాన అంటే మాకు సెలవు కాదు. 1.4 అప్‌డేట్‌లో వరి కూడా పెట్టారు, నీటి పక్కన నాటితే ఆరు రోజుల్లో పంట చేతికొస్తుంది!

అయినా దీన్ని నేను లోపంగా లెక్కెయ్యను. అప్పు, పురుగు, రేటు తీసేశాకే పొలం పని ఆటలా మారింది. మొక్క పెరగడం, పొద్దున్నే చూసుకోవడం, కోసి గంపలో వేసుకోవడం, ఇవి మిగిలాయి. రైతు ఇంటి పిల్లలకి కూడా నచ్చేది ఆ భాగమే. క్రికెట్ గేమ్‌లో మోకాలి నొప్పి లేదని ఎవరైనా కంప్లైంట్ చేస్తారా?

అసలు లోపాల్లోకి వద్దాం. టచ్ కంట్రోల్స్ ఒక మాదిరిగా ఉన్నాయి. నొక్కిన చోటికి నడిచే మోడ్ పొలంలో బాగుంటుంది, గనిలో గబ్బిలాలు మీదికి వస్తే చెయ్యి తడబడుతుంది. సెట్టింగ్స్‌లో జాయ్‌స్టిక్, బటన్లు పెట్టుకోవచ్చు, బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే ఇంకా మంచిది. చేపలు పట్టడం మాత్రం మొదటి వారం నరకం. చిన్న స్క్రీన్‌లో ఆకుపచ్చ బార్ మీదే వేలు పడుతుంటే చేప ఎక్కడుందో కనిపించదు. ఇంకో మాట, రెండో సంవత్సరం వచ్చేసరికి స్ప్రింక్లర్లు, పీపాలు, వైన్ అంటూ పొలం ఫ్యాక్టరీ అయిపోతుంది. అప్పటిదాకా ఉన్న సరదా కాస్తా లెక్కల పుస్తకం అవుతుంది. ఇది గేమ్ తప్పెంతో ఆడేవాడి ఆశ అంతే. యూట్యూబ్‌లో "మొదటి సంవత్సరంలోనే లక్షలు" వీడియోలు చూడకుండా ఆడండి, నిదానంగా వెళ్తుంది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటుంది.

ఈ గేమ్‌లో అసలు మజా పొలంలో లేదు, పెలికన్ టౌన్ జనం మాటల్లో ఉంది. మేయర్ లూయిస్ గారి ఊదా రంగు నిక్కరు పోతుంది, ఎక్కడ పోయిందో ఎవరికీ చెప్పకుండా వెతికి పెట్టమంటాడు. అది పశువులు కాసుకునే మార్నీ ఇంట్లో దొరుకుతుంది. ఎందుకు అక్కడుందో గేమ్ విడమర్చి చెప్పదు. ఆ నిక్కరు తిరిగి ఇవ్వకుండా ఊరి పండగ రోజు అందరూ కలిసి వండే సూప్‌లో వెయ్యొచ్చు కూడా, అప్పుడు మేయర్ మొహం చూడాలి. బస్సు పాడైపోయి పని పోయిన డ్రైవర్ పామ్ రోజూ ఎక్కడ కూర్చుని తాగుతుందో, ఆ బస్సు బాగవ్వడానికి 42,500 నాణేలు పోగెయ్యాలి. బస్సు రాని ఊళ్ళ సంగతి మాకు కొత్త కాదు కాబట్టి అది బాగైన రోజు నిజంగానే సంతోషమేసింది. ఊరి పైన గుడారంలో ఒక్కడే ఉంటూ అడవిలో దొరికింది తిని బతికే లీనస్ ఉన్నాడు. మొదట్లో జనం వాణ్ణి అనుమానంగా చూస్తారు. నాలుగైదు సార్లు పలకరిస్తే అతనే అందరికంటే నెమ్మదైన మనిషని తెలుస్తుంది. అడవి అంచున ఉండేవాళ్ళకి లీనస్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంతా ఇంగ్లీషులో ఉంది. మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాడికి నా ఫోన్ ఇచ్చాను. విత్తనం, నీళ్ళు, గొడ్డలి అన్నీ పది నిమిషాల్లో పట్టేశాడు, చేపలైతే నాకంటే బాగా పడతాడు. కానీ ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే టక్ టక్ నొక్కేసి దాటేస్తున్నాడు. చదవరా అంటే, "చదువుతున్నా అన్నా, అర్థమైంది గానీ నవ్వు రాట్లేదు" అన్నాడు. జోక్‌కి అర్థం తెలిస్తే చాలదు కదా. వాడు ఆడింది పొలం గేమ్. నేను ఆడింది వేరే గేమ్. రెండిటికీ ఒకే ధర!

ఇంగ్లీషు కాక జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, జపనీస్, కొరియన్, చైనీస్, రష్యన్, పోర్చుగీస్, టర్కిష్, చివరికి హంగేరియన్ కూడా ఉంది. హంగేరీ జనాభా కోటి కూడా లేదు. తెలుగు మాట్లాడేవాళ్ళు 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల పైన. తెలుగు సంగతి సరే, హిందీ కూడా లేదు. దీన్ని "మనవాళ్ళు గేమ్‌లు కొనరు" అని కొట్టేయడం ఈజీ. అందులో కొంత నిజముంది. కానీ టెక్నికల్‌గా ఇంకో అడ్డం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

స్టార్‌డ్యూ మోనోగేమ్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. ఇలాంటి చోట అక్షరాలు అంటే ఒక పెద్ద బొమ్మలో గళ్ళు గళ్ళుగా ఉన్న చిన్న బొమ్మలు. ఒక కోడ్‌కి ఒక బొమ్మ, పక్కపక్కనే పేర్చుకుంటూ పోవడమే. ఇంగ్లీషుకి అది చాలు, కొరియన్‌కి కూడా వేల బొమ్మలు పెట్టి నెట్టుకురావచ్చు. తెలుగు అలా కుదరదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే లోపల ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టడాన్ని షేపింగ్ అంటారు. మీ ఫోన్‌లో వాట్సాప్ తెలుగు సరిగ్గా కనిపిస్తుందంటే వెనక ఆ పని ఆండ్రాయిడ్ చేసిపెడుతోంది. గేమ్ తన అక్షరాలు తనే గీసుకుంటుంది కాబట్టి ఆ సాయం దానికి అందదు. అందుకే కొన్ని గేమ్‌లలో తెలుగు పేరు పెట్టుకుంటే ఒత్తులు విడిపోయి, పొల్లు చుక్కల సున్నాతో వేలాడుతూ కనిపిస్తుంది. చాలామంది "నా ఫోన్ ప్రాబ్లం" అనుకుంటారు.

2021 చివర్లో వచ్చిన 1.5.5 నుంచి మాడ్‌ల ద్వారా కొత్త భాషలు కలిపే వీలు పీసీ వెర్షన్‌లో అధికారికంగానే ఇచ్చారు. కొన్ని దేశాల ఫ్యాన్స్ దాన్ని వాడుకుని తమ భాషలో ఆడుకుంటున్నారు. అనువాదం చెయ్యడానికి మనలో ఓపికున్నవాళ్ళు దొరుకుతారు. షేపింగ్ గోడ మాత్రం వాళ్ళతో కూలదు, దానికి కోడ్ రాసేవాళ్ళు కావాలి. అసాధ్యమైతే కాదు. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఈ పనే చేస్తుంది, 2023లో వచ్చిన గోడో 4 ఇంజన్‌లో అది ముందే కలిపి ఉంది. హైదరాబాద్‌లో గేమ్‌లు చేస్తున్న కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంజన్ ఎంచుకునే రోజే "స్త్రీ" అని టైప్ చేసి చూడండి. సగం గేమ్ అయ్యాక చూస్తే తెలుగు మళ్ళీ "తర్వాత చూద్దాం" లిస్టులోకి పోతుంది.

మరి కొనాలా వద్దా? ఇంగ్లీషు డైలాగులు చదివి నవ్వగలిగితే కళ్ళు మూసుకుని కొనండి, ఫోన్‌లో ఈ ధరకి ఇంత సరదాగా, ఇంత నిజాయితీగా ఉన్న రోల్ ప్లేయింగ్ గేమ్ నాకు ఇంకొకటి కనపడలేదు. చదవడం కష్టమైన తమ్ముడికో చెల్లికో కొనిపెడుతుంటే మాత్రం మొదటి నెల పక్కన కూర్చుని మీరే డబ్బింగ్ చెప్పండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నా. మేయర్‌కి మా ఊరి యాసలో గొంతు పెట్టాను, నిక్కరు సీన్ వచ్చేసరికి తమ్ముడు ఫోన్ కింద పడేసి మరీ నవ్వాడు. స్క్రీన్ గార్డ్ పోయింది.