తలుపులు తెరిచే రోజున తొందరెందుకు?

కోరుట్ల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వేములవాడ రాజన్న గుడి విస్తరణ పనులు పూర్తయి కొత్త ప్రాంగణం తెరిచే రోజున, మొట్టమొదటి రోజే దర్శనం చేసుకోవాలని వాళ్ల అత్తమ్మ పట్టుదలట. అక్కడ జాతరలో జెయింట్ వీలు ఎక్కించాలని పదేళ్ల కొడుకు, రంగులరాట్నం కావాలని నాలుగేళ్ల కూతురు ఇప్పటి నుంచే గొడవ చేస్తున్నారట. అత్తమ్మకు చక్కెర వ్యాధి, రక్తపుపోటు రెండూ ఉన్నాయి. ఉత్తరం రాసిన సోదరికి నాలుగో నెల. "మేము పోవచ్చునా డాక్టరు గారూ? పోతే ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలె?" అని అడిగారు.

పోవచ్చు. కాని మొదటి రోజు వద్దు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. ఆ విస్తరణ పనులకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 నవంబరు 20న శంకుస్థాపన చేసిన నాటినుంచీ ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఈ ముచ్చట నడుస్తోందో! మామూలు సోమవారాలకే వేములవాడలో కాలు పెట్టే చోటుండదు. శివరాత్రి సంగతి చెప్పనక్కరలేదు. మేడారం జాతర ఏడు వచ్చిందంటే, ముందు రాజన్నను చూసి తర్వాత సమ్మక్క దగ్గరికి వెళ్లే ఆనవాయితీ ఒకటుంది కదా. ఇంతమందికి తోడు "కొత్తగా తెరిచారట" అన్న మాట కూడా కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుడికే కాదు, హైదరాబాదులో కొత్త వినోదాల పార్కుకైనా, మీ ఊళ్లో కొత్త ఎగ్జిబిషనుకైనా ఇదే వర్తిస్తుంది.

జనసమ్మర్దంలో మనుషులు ఎలా చనిపోతారు? కాళ్ల కింద పడి తొక్కిసలాటలో అని మనం అనుకుంటాం. చాలామంది నిలబడే చనిపోతారు. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు పైకి లేచి రొమ్ము విప్పారాలి, పొట్ట కాస్త ముందుకు రావాలి. నాలుగు వైపుల నుంచీ మనుషులు అదిమేస్తే ఆ కాస్త చోటూ దొరకదు. గాలి చుట్టూ ఉన్నా లోపలికి పోదు. కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. పొట్టిగా ఉన్న ఆడవారు, పెద్దల పొట్టల మధ్య ముఖం ఇరుక్కుపోయే పిల్లలు, ముసలివారు ముందుగా బలవుతారు. వెనక ఉన్నవారు కావాలని చేసేది కాదిది. ఒక్కొక్కరూ కొంచెమే నెడతారు. ఆ కొంచెం కొంచెం కలిసి ముందున్నవారి మీద పడేసరికి ఇనుప కమ్మీలు వంగిపోయేంత బలమవుతుంది. ముందు ఏం జరుగుతోందో వెనకవారికి కనబడదు, వినబడదు.

గోదావరి పుష్కరాలు పన్నెండు రోజులు. 2015లో రాజమండ్రిలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయింది మొదటి రోజునే, జూలై 14న. తిరుపతిలో 2025 జనవరి 8న ఆరుగురు పోయింది దర్శనంలో కాదు, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం కాచుకున్న చోట. అదే ఏడాది నవంబరు 1న, ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో కొత్తగా కట్టిన వేంకటేశ్వర ఆలయంలో మెట్ల దగ్గర కమ్మీ ఊడి తొమ్మిదిమంది చనిపోయారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రోజు, పర్వదినం, గేటు, మెట్లు. అపాయమంతా అక్కడే పోగుపడి ఉంది. పుష్కరస్నానం రెండో రోజు చేసినా పుణ్యం తరగదు. రాజన్న పదిహేను రోజుల తర్వాతా అక్కడే ఉంటాడు. అత్తమ్మగారికి ఈ మాట నా పేరు చెప్పి నచ్చజెప్పండి. కోడలు చెబితే వినని అత్తలు డాక్టరు చెబితే వింటారని నా అనుభవం! సోమవారం కాని రోజు, పండగ కాని రోజు చూసి, పొద్దున్నే చేరుకునేలా బయల్దేరండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి గుంపులో చిక్కుకోవచ్చు. దానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ చేయి పైకెత్తి ముక్కు గోక్కోగలుగుతున్నారా? గోక్కోగలిగితే ఫరవాలేదు. చేయి లేవడం లేదంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు నేలలో ఆరేడుగురు ఇరుక్కున్నారన్నమాట. అక్కడి నుంచి జనం మనుషుల్లా కదలరు, నీళ్లలా అలలు కొడతారు. ఆ దశ రాకముందే, చేయి ఇంకా ఆడుతుండగానే, వరస వదిలి పక్కకు వచ్చేయండి. "మూడు గంటలు నిలబడ్డాం, ఇంకో పది అడుగులే" అన్న ఆశే మనుషులను అక్కడ కట్టిపడేస్తుంది. తప్పించుకునే వీలు లేకపోతే రెండు చేతులూ మడిచి రొమ్ముకు ఎదురుగా, జానెడు ఎడంగా పెట్టుకోండి. ఊపిరికి చోటు మిగిల్చేది ఆ జానెడే. అలకు ఎదురు నెట్టకండి. అల తగ్గిన క్షణంలో ఏటవాలుగా అంచు వైపు ఒక్కో అడుగూ జరగండి. గోడకూ, కమ్మీకీ, మెట్లకూ దూరంగా ఉండండి. చెప్పు జారినా, సంచీ పడినా వంగి తీయవద్దు. పోతే పోనీయండి. నాలుగేళ్ల పాపను నడిపించవద్దు. తండ్రి భుజాల మీద కూర్చోబెట్టుకోవాలి. అరిచి ఊపిరి వృథా చేసుకోకండి.

తప్పిపోయే పిల్లల గురించి ఒక మాట. ఇంటి నుంచి బయల్దేరేముందు పిల్లలకు ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. జనం కిక్కిరిసిన చోట ఫోన్లు కలవవు, అందుచేత "విడిపోతే ఫలానా చోట కలుద్దాం" అని దిగగానే ఒక గుర్తు చూపించండి.

ఇక నీళ్లు. ఇది ఆడవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రయాణమనగానే పొద్దుటి నుంచే నీళ్లు తాగడం మానేసే తల్లులు ఎంతమందో! మరుగుదొడ్డి ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో అన్న భయం. ఆ భయం అకారణం కాదు. అమెరికాలో డిస్నీలాండ్‌ను 1955 జూలై 17న తెరిచారు. దొంగ టిక్కెట్లతో వచ్చినవారితో కలిపి, పిలిచినవారికంటే ఎంతో ఎక్కువమంది విరుచుకుపడ్డారు. మండే ఎండ, కొత్తగా పోసిన తారులో ఆడవారి చెప్పుల మడమలు దిగబడ్డాయి. పనివాళ్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా, ఏదో ఒకటే సిద్ధం చేసే వ్యవధి మిగిలింది. డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. అంత డబ్బూ, అంత హంగూ ఉన్నవారికే మొదటి రోజు అలా గడిచింది. మొదటి రోజు వద్దనడానికి ఇదీ ఒక కారణమే. కాని నీళ్లు మానేయడం మందు కాదు. దాహం చంపుకుని, మూత్రం ఆపుకుని ఎండలో నిలబడితే మూత్రంలో మంట, చీము, జ్వరం. గర్భిణికి ఇది మరీ చెరుపు, మూత్రపిండాల దాకా పాకుతుంది. బస్సు దిగగానే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోండి, దర్శనం వరస తర్వాత. గంటకొకసారి గ్లాసెడు నీళ్లు తాగండి.

ఉత్త దాహానికి మంచినీళ్లు చాలు. బాగా చెమట పట్టినా, విరేచనాలైనా ఓ.ఆర్.ఎస్. కావాలి. మందుల షాపులో పొట్లం దొరుకుతుంది. దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీ చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు కలపండి. అంతకు మించి ఉప్పు వేయవద్దు. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పండ్లరసాలను ఆ పేరుతో అమ్మడం చాలాకాలం సాగింది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, అలాంటి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పిల్లలు ముచ్చటపడితే జ్యూసు కొనివ్వండి, కాని మందనుకుని ఇవ్వకండి.

అత్తమ్మగారి విషయంలో మూడు పొరపాట్లు జరుగుతుంటాయి. దర్శనమయ్యే వరకు ఏమీ తినను అంటారు, కాని చక్కెర బిళ్ల మాత్రం అలవాటుగా వేసేసుకుంటారు. వరసలో నిలబడగానే చెమట, వణుకు, తికమక మాటలు, ఆపైన స్పృహ తప్పడం. ఇది వడదెబ్బ కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. కొంగున నాలుగు గ్లూకోజు బిళ్లలో, చిన్న బెల్లం ముక్కో కట్టి ఉంచండి. ఉపవాసం తప్పదంటే బిళ్లల సంగతి ముందుగానే ఆమె డాక్టరును అడగాలి. రెండోది, రక్తపుపోటుకు మూత్రం ఎక్కువ పోయే బిళ్ల వాడేవారు ప్రయాణం రోజున తమంతట తామే మానేస్తారు. మానకూడదు, ఏ వేళకు వేసుకోవాలో డాక్టరే సర్దుతారు.

మూడోది పాదాలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాతబడిన చక్కెర వ్యాధిలో అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండకు కాలిన బండల మీద మనం గెంతుతూ నడుస్తుంటే, ఆమె నింపాదిగా నడుస్తుంది. "మా అత్తమ్మకు ఎంత ఓర్పో" అనుకుంటారు మీరు. ఓర్పు కాదు, కాలుతున్నదే తెలియడం లేదు. ఇంటికొచ్చాక బొబ్బలు, వారం తిరిగేసరికి పుండు. కాబట్టి దర్శనం ఎండ ముదరకముందే కావాలి, కాళ్లకు నూలు మేజోళ్లు తొడగండి. ధర్మగుండంలో దిగితే మెట్ల పాచి మీద చేయి పట్టుకుని దింపండి, నీళ్లు నోట్లోకి పోనీయవద్దు. కోడెమొక్కు ఉంటే కోడెను పట్టుకునేది అలవాటున్న మగవాళ్లే కావాలి. జనం మధ్య బెదిరిన కోడె ఎటు దూకుతుందో తెలియదు. పిల్లలను దాని వెనక నిలబడనీయకండి.

జెయింట్ వీలు విషయం. సోదరీ, మీరు ఎక్కవద్దు. ఒక్కసారిగా ఎత్తి కుదిపే ఏ ఆటా గర్భిణికి పనికిరాదు. గుండె జబ్బు, మూర్ఛలు, మెడ, నడుము నొప్పులు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, అదుపులో లేని రక్తపుపోటువారు కూడా కిందనే ఉండి చూడాలి. బాబు ఎక్కవచ్చు, పక్కన పెద్దవారుండాలి. తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగండి. తల తిరగడానికి కారణం కడుపు కాదు, చెవి. చెవి లోపలి గొట్టాలలో ఉండే ద్రవం మనం తిరుగుతున్నామంటుంది, ఒళ్లో చూపు నిలిపిన కళ్లు లేదంటాయి. ఆ తగువు తీరక వాంతి వస్తుంది. దూరంగా ఉన్న చెట్టునో, గుట్టనో చూడమని చెప్పండి. చున్నీ, జడ, పైట కొంగు గట్టిగా ముడివేసి గాని ఏ చక్రం దగ్గరికీ వెళ్లకూడదు. అడ్డుకమ్మీకి బోల్టు లేదు, చీల లేదు, తాడుతో కట్టారంటే డబ్బు పోయినా దిగి వచ్చేయండి. పాప రంగులరాట్నంతోనే తృప్తి పడుతుంది లెండి.

తిండికి ఇంటి పులిహోర, సకినాలు, పల్లిపట్టీలు చాలు. చింతపండు పులుపు అన్నాన్ని కొంత కాపాడుతుంది. పాలు, పెరుగన్నం ఎండలో పులిసిపోతాయి. కోసి పెట్టిన పండ్లు, ఐసు గోలీలు కొనవద్దు.

మీ పక్కన ఎవరైనా సొమ్మసిల్లితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తండి. నోట్లో నీళ్లు పోయకండి. ఒళ్లు సలసల కాలుతూ తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు తడిపి విసురుతూ ఉండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరే ఆడకపోతే 108 వచ్చేదాకా ఆగవద్దు. రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి నూరు నుంచి నూటఇరవైసార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి.

తిరిగి వచ్చిన రాత్రి అత్తమ్మగారి అరికాళ్లు దీపం దగ్గర పెట్టి వేళ్ల సందులతో సహా చూడండి. బొబ్బ కనిపిస్తే చిదపకుండా మర్నాడే డాక్టరుకు చూపించండి. మీకు దారిలో గాని ఇంటికి వచ్చాక గాని కడుపునొప్పి, రక్తం కనిపించడం, మూత్రంలో మంట, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.