మీటరు చెప్పని లెక్క

క్యాను నీళ్లు తెచ్చే కుర్రవాడు నిన్న మా పెరటి బోరునీటిలో మీటరు ముంచి, "టీడీఎస్ నాలుగువందలే డాక్టరుగారూ, భేషుగ్గా తాగొచ్చు" అన్నాడు. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే గాని, ఏ లవణం ఎంత ఉన్నదో చెప్పలేదు. ఆ నాలుగువందల మిల్లీగ్రాములలో మూడు మిల్లీగ్రాములు ఫ్లోరైడు అయినా దానికి తెలియదు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించరాదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. నల్లగొండ పల్లెల్లో ఎముకలను వంచివేసినది రంగు, రుచి, వాసన లేని ఈ ఫ్లోరైడే. కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది.

సర్వీసులో ఉండగా కీళ్ల నొప్పులకు ఎన్నో మాత్రలు రాశాను. "ఏ బావి నీరు తాగుతున్నావు?" అని రోగిని అడగడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ సిగ్గు నేటికీ ఉన్నది.

అందుచేత బోరునీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి (ఫ్లోరైడు పరీక్షకు గాజుసీసా వద్దు) ప్రయోగశాలకు పంపండి. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం విడివిడిగా రాసిమ్మని అడగండి. ఊరంతా తాగే బోరు అయితే ఆ అంకెలను పంచాయతీ గోడమీద రాయించాలని నా అభిప్రాయం.