సుంకం అమెరికాలో, పస్తు గుంట గట్టున

వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే మనుబోలు కూలివాని పొయ్యి ఆరిపోవడమేమిటి? ఏ సంబంధమూ లేదనుకునే రోజులు పోయాయి. 2025 ఆగస్టు 7 నుండి మన సరుకుల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. అదే నెల 27 నుండి ఇంకో 25 శాతం వడ్డించింది. రొయ్య మీద అంతకుముందే ఉన్న డంపింగు వ్యతిరేక సుంకం దీనికి అదనం. ఇలాంటి సుంకాలు ఎక్కుతుంటాయి, బేరం కుదిరితే దిగుతుంటాయి. కాని ఎక్కినప్పుడు పోయిన పనిదినాలు దిగినప్పుడు తిరిగిరావు.

సరిహద్దు అంటే ముళ్లకంచె, జవాన్లే అనుకుంటాం. కృష్ణపట్నం రేవు కూడా సరిహద్దే. ఆ లెక్కన మనుబోలుకు తూర్పున కండలేరు పాయ వెంబడి పల్లెలన్నీ సరిహద్దు పల్లెలే. అక్కడి గుంటలో పెరిగిన రొయ్య సముద్రం దాటితేనే డబ్బు. 2024-25లో మన దేశం నుండి 62 వేల కోట్ల రూపాయలకు పైబడిన చేపలు, రొయ్యలు ఎగుమతి అయ్యాయి. ఆ విలువలో పెద్ద వాటా రొయ్యదే. ఆ రొయ్యను అందరికన్నా ఎక్కువగా కొన్నది అమెరికా. ఒక్క కొనుగోలుదారు మీద ఇంతమంది కడుపులు ఆధారపడితే, వాడు ముఖం తిప్పినప్పుడల్లా ఇక్కడ పస్తులు తప్పవు.

ముందు కయ్య పోయింది

తీరంలో చాలాచోట్ల నేటి గుంట నిన్నటి వరి కయ్య. కయ్యలో నారు పీకడం, నాటు, కలుపు, కోత, నూర్పిడి ఉండేవి. ఆడకూలీల ఏడాది బతుకంతా ఆ పనుల మీదే. గుంట తవ్వాక ఏముంది? మేత చల్లను, ఏరేటరు చూసుకోను, రాత్రి కాపలాకు ఒకరిద్దరు చాలు. పట్టుబడి నాడు పదిమందికి పని, మర్నాడు సున్న. కోత మిషన్లు కూడా పని మింగాయి, నిజమే. అయితే మిషను దిగిన కయ్యలో నాటైనా, కలుపైనా మిగిలింది. గుంట తవ్విన కయ్యలో అదీ లేదు. పైగా పక్క కయ్యకు ఉప్పు ఊరింది, తాగే నీళ్ల బావి చెడింది.

1994లో తెల్లమచ్చ రోగం తగిలి నెల్లూరు తీరాన టైగరు రొయ్య గుంటలకు గుంటలే చచ్చిపోయింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సంప్రదాయ సాగు తప్ప తీర నియంత్రణ ప్రాంతంలోని రొయ్యల గుంటలన్నీ తీసేయమంది. ఆ తీర్పులో మనవాళ్లు మరిచిపోయిన ముక్క ఒకటుంది. ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికులకు రిట్రెంచిమెంటు పరిహారం ఇవ్వాలి, దానిపైన ఆరేళ్ల జీతం ఇవ్వాలి అని. ఆరేళ్ల జీతం! కాని ఏడాది పనిచేసినట్టు రుజువేది? మస్టరులో పేరుంటేనే కదా!

2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, తీర నిబంధనల నిషేధం రొయ్యల సాగుకు వర్తించకుండా 1991 నాటి నుండే మార్చేసింది. గుంటలు నిలబడ్డాయి. అధికారులు గుంటను కూల్చివేయిస్తే అందులోని పనివాళ్లకు పరిహారం ఇప్పించాలని ఆ చట్టంలో రాశారు. మంచిదే. మరి మార్కెట్టు కూల్చేస్తే ఎవరిస్తారు?

తర్వాత షెడ్డు మూతపడింది

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. రొయ్యలు వలిచే షెడ్లు, ఐసు, మేత, లారీలు పెరిగాయి. వేలాది ఆడవాళ్లకు పని దొరికింది. దొరకలేదని మనం అనం. ఎటువంటి పని అని అడుగుతాం. ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడే పని. 2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఆంధ్ర రొయ్యల పరిశ్రమ మీద నివేదిక వెలువరించింది. చాలీచాలని కూలి, అప్పుకు కట్టుబడ్డ చాకిరీ, ప్రమాదకరమైన పనిచోట్లు అందులో బయటపడ్డాయి.

సుంకం భారం మెట్టు మెట్టు దిగుతుంది. అమెరికా కొనుగోలుదారు ఎగుమతిదారుని మీదికి, అతను గుంట రైతు మీదికి, రైతు కూలి మీదికి తోస్తాడు. కూలివాడు ఎవరి మీదికి తోస్తాడు? బిడ్డల కంచం మీదికి. కౌలుకు గుంట పట్టి అప్పులపాలైన చిన్న రైతూ నలిగేవాడే, అతను మనకు పగవాడు కాదు. 2025 ఏప్రిల్‌లో సుంకం కబురుకే ధర పడిపోతే, వంద కౌంటు కిలో 220 రూపాయలకు కొనేట్టు రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను ఒప్పించింది. ఆ ధరలో వలిచే చేతికి ఎంతని ఎవరడిగారు? 2025 నవంబరు 12న కేంద్రం 25,060 కోట్లతో ఎగుమతుల ప్రోత్సాహక పథకానికి, ఎగుమతిదారుల కోసం 20 వేల కోట్ల అప్పులకు హామీకి ఆమోదం తెలిపింది. ఇందులో కూలివాని వాటా ఎంత?

అక్కడి కూలీ గతీ ఇంతే

అమెరికా కూలీ మన రొట్టె లాక్కున్నాడా? లేదు. 1994లో నాఫ్టా ఒప్పందం వచ్చాక మెక్సికో సరిహద్దున ఎల్ పాసో పట్నంలో బట్టలు కుట్టే ఆడకూలీలు వేల సంఖ్యలో వీధినపడ్డారు. ఫ్యాక్టరీలు కూలి చవకైన చోటికి ఎగిరిపోయాయి. లూసియానా తీరాన రొయ్యలు పట్టే జాలరి మన రొయ్య దెబ్బకు ధర లేక ఏడ్చాడు. అయితే ఒక తేడా. విదేశీ సరుకు వల్ల పని పోయినవారికి భృతి, కొత్త పనిలో శిక్షణ ఇవ్వాలని అక్కడ 1962లోనే చట్టం చేశారు. 2022 జూలై 1 నుండి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు, అది వేరే కథ. మన దగ్గర అసలు అటువంటి చట్టమే పుట్టలేదు.

స్వేచ్ఛా వాణిజ్యమా, సుంకమా అన్నది పెద్దల వాదులాట. తలుపు తీసినా, మూసినా వేళ్లు నలిగేది గడపలో నిలబడ్డవాడివే. కనుక మన కోరికలు వేరు. గుంటలో, షెడ్డులో పనిచేసే ప్రతి మనిషి పేరూ మస్టరులో ఎక్కాలి, చేతికి కార్డు ఇవ్వాలి. మేస్త్రి కింద వచ్చినా, ఒడిశా నుండి వచ్చినా సరే. సర్కారు సాయం పుచ్చుకున్న కంపెనీ పనివాళ్లను తీసెయ్యకూడదు, తీసేస్తే పరిహారం కట్టాలి. ఎగుమతి విలువ మీద సెస్సు వేసి, పని ఆగిన నెలల్లో భృతి ఇచ్చే నిధి పెట్టాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. బీడీ కార్మికులకు 1976లో సెస్సు చట్టం చేసి సంక్షేమ నిధి నడిపారు. 2017లో జీఎస్టీ వచ్చి ఆ సెస్సు పోయినా, దారి ఉందని తేలింది.

పుస్తకంలో పేరు లేనివానికి కోర్టు ఆరేళ్ల జీతం రాసినా అందదు. ఊరూరా గుంటల మీద, షెడ్లలో పనిచేసేవారి జాబితా ముందు మన సంఘాలే రాయాలి. ఇంకో సుంకం వచ్చేదాకా ఆగితే అప్పటికీ లెక్కలో రొయ్య ఉంటుంది, మనిషి ఉండడు.